మునిగిందన్న మాట

పెంచలయ్య కుడిచేతికి నాడి దొరికేది కాదు. పద్దెనిమిదేళ్ళు బావి దగ్గర కపిల మోకు పట్టిన చెయ్యి అది. అరచేయీ వేళ్ళూ పాత చెప్పు అడుగులా గట్టిపడి పోయాయి. అందుకని ఎప్పుడూ ఎడమచేయి వాడేవాడు. ఆపరేషన్ థియేటర్లో బల్ల పక్కన పొట్టి స్టూలు మీద కూర్చుని, రోగి మణికట్టు మీద ఎడమచేతి మూడు వేళ్ళు ఆనించి, కళ్ళు మూసుకునేవాడు. ఆపరేషన్ రెండు గంటలు పట్టినా నాలుగు గంటలు పట్టినా అంతే. కొత్తగా వచ్చిన నర్సులు అతను నిద్రపోతున్నాడనుకునేవారు.

చంద్రగిరి పక్కన మునివెంకటప్ప అనే రైతు ఉండేవాడు. ఆయన బావి దగ్గర పెంచలయ్య కపిల తోలేవాడు. రెండు ఎద్దులు. ఒక లావు మోకు. గిలక మీదుగా బావిలోకి దిగే పెద్ద తోలుసంచి. ఎద్దులు వాలులో కిందికి నడిస్తే సంచి పైకి వస్తుంది, కాలువలో నీళ్ళు పోస్తుంది. ఎద్దులు వెనక్కి ఎక్కితే సంచి మళ్ళీ బావిలోకి దిగుతుంది. తోలేవాడు మోకు మీద కూర్చుని ఎద్దులతో పాటు దిగుతాడు. అతను బావిలోకి చూడడు. చూడాల్సిన పని లేదు. బావిలో నీళ్ళు బాగా ఉంటే సంచి పూర్తిగా మునిగి నిండుతుంది. అప్పుడు మోకు బరువుగా, నిశ్చలంగా ఉంటుంది. నీళ్ళు అడుగంటితే సంచి బురదలో పక్కకి ఒరిగి సగమే నిండుతుంది. పైకి వస్తూ అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊపు మోకులో పాకి, కూర్చున్నవాడి తొడలకీ అరచేతికీ తెలుస్తుంది.

దీనికి వాళ్ళకి రెండు మాటలున్నాయి. ఊగుతుండాది అంటే నీళ్ళు చాలవు. మునిగింది అంటే నీళ్ళున్నాయి. రెండోది మంచిమాట. పొద్దున మొదటి సంచి లేచేటప్పుడు పెంచలయ్య ‘మునిగింది’ అని కేక వేస్తే, మునివెంకటప్ప భార్య పొయ్యి దగ్గర నుంచే ‘సల్లంగా ఉండు’ అనేది.

1967లో ఆ బావికి కరెంటు మోటారు పెట్టారు. గిలక ఊడదీశారు. పెంచలయ్య భార్య తాయమ్మను తీసుకుని తిరుపతి వచ్చాడు. రైలు పట్టాలకు అవతల ఉన్న ఒక ఆసుపత్రిలో మొక్కలకు నీళ్ళు పోసే పని దొరికింది. తర్వాత స్ట్రెచర్ తోసే పని. తర్వాత థియేటర్లో బల్ల తుడిచే పని. అక్కడ ఉన్న మత్తు డాక్టరు ప్రేమానందానికి మూడో చెయ్యి కావలసి వచ్చింది. ఒక చేయి రబ్బరు సంచి మీద ఉండేది. మత్తులో ఉన్న మనిషికి ఊపిరి ఆ సంచి నొక్కితేనే అందుతుంది, నిమిషానికి పదిహేను సార్లు. రెండో చేత్తో సూదులు, బీపీ పట్టీ, చార్టు రాయడం, అన్నీ. నాడి పట్టుకోవడానికి మనిషి లేడు.

“ఏమప్పా పెంచలయ్యా, ఊరికే నిలబడి ఉండావు. ఈ చేయి పట్టుకో. నాడి ఎట్లుండాదో చెప్తా ఉండు” అన్నాడు ఆయన ఒక రోజు.

పెంచలయ్య పట్టుకున్నాడు. కుడిచేతికి ఏమీ తెలియలేదు. ఎడమచేతికి మార్చాడు. కాసేపటికి అన్నాడు:

“ఊగుతుండాది సార్.”

“నాడి ఊగేదేందప్పా?”

“మీరు సంచి నొక్కినప్పుడంతా తగ్గిపోతుండాది. వదిలితే మళ్ళీ లేస్తుండాది. సగం సంచి మోకు మాదిరి.”

ప్రేమానందం సంచి నొక్కుతూనే అతని వైపు చూశాడు. పూతలపట్టు దగ్గర ఆయన తండ్రికి రెండెకరాలూ ఒక కపిల బావీ ఉండేవి. ఇంకేమీ అడగలేదు. సెలైన్ బాటిలు ఒకటి తగిలించి వేగంగా వదిలాడు. బాటిలు సగం ఖాళీ అయ్యేసరికి పెంచలయ్య వేళ్ళ కింద ఊపు ఆగింది.

“ఇప్పుడెట్లుండాది?”

“మునిగింది సార్.”

డాక్టరు గుడ్డ ముసుగు వెనక నవ్వాడు. “మా నాయన పోయినాక ఆ మాట ఇదే వినడం” అన్నాడు.

ఆ సాయంత్రం పెంచలయ్యను కూర్చోబెట్టి సంగతి చెప్పాడు. సంచి నొక్కితే రొమ్ము ఉబ్బుతుంది. ఉబ్బినప్పుడు గుండెకు తిరిగి వచ్చే నెత్తురుకు ఒక క్షణం అడ్డు పడుతుంది. ఒంట్లో నెత్తురూ నీళ్ళూ సరిపడా ఉంటే ఆ అడ్డు లెక్కలోకి రాదు. తక్కువైతే నొక్కిన ప్రతిసారీ నాడి తగ్గుతుంది. కోత పెద్దదైనప్పుడు బీపీ పడిపోవడం మామూలే. అలా పడిన వాళ్ళందరికీ నీళ్ళు ఎక్కిస్తే కొందరు లేస్తారు. కొందరు లేవరు. లేవని వాళ్ళకు ఆ నీళ్ళు పోయి ఊపిరితిత్తుల్లో చేరతాయి. ఎవరు లేస్తారో, ఎవరు లేవరో ఎక్కించి చూస్తే గాని తెలిసేది కాదు.

“నువ్వు ఎక్కించకముందే చెప్పినావు సూడు” అన్నాడు ప్రేమానందం. “అదీ సంగతి.”

పెంచలయ్యకు దాంట్లో వింత కనిపించలేదు. బావిలోకి చూడకుండా నీళ్ళ సంగతి చెప్పడం అతనికి అలవాటే.

ఎనిమిదేళ్ళు అలా గడిచాయి. బాటిలు తగిలించే ముందు డాక్టరు తల తిప్పకుండా అడిగేవాడు. పెంచలయ్య కళ్ళు తెరవకుండా చెప్పేవాడు. ఊగుతుండాది అంటే ఒక బాటిలు. మునిగింది అంటే చాలు. చెప్పలేనప్పుడు చెప్పలేననేవాడు. ఒకసారి ఏర్పేడు నుంచి వచ్చిన ముసలాయన నాడి తనంతట తానే గంతులు వేస్తూ ఉంది. పెంచలయ్య వేళ్ళు తీసేశాడు. “ఈయనది దానికదే ఎగురుతుండాది సార్. సంచిది యాది, దానిది యాది, నాకు తెలీడం లేదు. నన్నడగొద్దు” అన్నాడు. ఆ రోజు ప్రేమానందం అతనికి తన ఫ్లాస్కులో కాఫీ పోసి ఇచ్చాడు.

1979 మేలో ప్రేమానందం పదవీ విరమణ చేసి చిత్తూరు వెళ్ళిపోయాడు. ఆయన స్థానంలో పంకజాక్షి వచ్చింది. తెనాలి పిల్ల. ముప్పై దాటలేదు. గుంటూరులో చదివింది. ప్రేమానందం ఆమెకు మందుల అలమారా చూపించాడు, గ్యాసు కారే సిలిండరు చూపించాడు, ఏ సిస్టరుకు ఏ పని వచ్చో చెప్పాడు. చివర పెంచలయ్యను చూపించి, “నీళ్ళ సంగతి ఇతను చెప్తాడమ్మా. ఇతని మాట విను” అన్నాడు. అంతకుమించి చెప్పలేదు. చెప్పాల్సింది ఉందని ఆయనకు తట్టలేదు. ఆ రెండు మాటలూ ఆయనకు పుట్టినప్పటి నుంచీ తెలిసినవి.

మొదటి రెండు నెలలూ చిన్న ఆపరేషన్లే వచ్చాయి. మొలలు, గడ్డలు, వరిబీజాలు. నీళ్ళ ప్రశ్న రాలేదు. పెంచలయ్య “బాగుండాది”, “బాగుండాది” అంటూ ఉండేవాడు. పంకజాక్షి తల ఊపేది.

ఆషాఢంలో శకుంతలమ్మ వచ్చింది.

కాణిపాకంలో గుడి దారిలో టెంకాయలూ గరికా అమ్మే మనిషి. యాభై ఏళ్ళుంటాయి. పేగు మెలిపడి మూడు రోజులు వాంతులు. పొట్ట కుండలా ఉబ్బింది. పెదాలు ఎండి అట్టలు కట్టాయి. భర్త ధనంజయ ఆమెను బస్సులో వెనక సీటు మీద పడుకోబెట్టి తీసుకొచ్చాడు. థియేటరు గుమ్మం దగ్గర అతను పంకజాక్షికి చేతులు జోడించాడు.

“డాక్టరమ్మా, బాటిళ్ళు మాత్రం తగ్గించొద్దు. మా ఊర్లో ఆరెంపీ గూడా రెండు ఎక్కించినాడు. ఇంత పెద్దాసుపత్రి, ఇంకెన్ని ఎక్కించాల!”

లోపల బల్ల మీద శకుంతలమ్మకు ఇంకా స్పృహ ఉంది. పెంచలయ్య గాజులు పైకి జరిపి మణికట్టు పట్టుకున్నాడు. ఆమె కళ్ళు తిప్పి చూసింది.

“ఎవరప్పా నువ్వు, నా చేయి పట్టుకున్నావు? బయట మా ఆయన ఉండాడు.”

“ఉండనీ తల్లీ. ఆయన పట్టుకుంటే నాడి తెలీదు.”

“ఆయనకు ముప్పైయేండ్లుగా తెలీలేదులే” అంది శకుంతలమ్మ. తర్వాత మత్తు ఎక్కింది.

సర్జన్ సుబ్రమణ్యం పొట్ట తెరిచాడు. మెలిపడిన పేగు నల్లబడి ఉంది. ఆ ముక్క తీసేయాలి. బీపీ ఎనభైకి వచ్చింది. పంకజాక్షి సంచి నొక్కుతూ పెంచలయ్య వైపు చూసింది.

“ఊగుతుండాదమ్మా” అన్నాడు అతను. “బాగా ఊగుతుండాది.”

ఊగడం అంటే నాడి నిలకడగా లేదని ఆమె అనుకుంది. బాటిలు వేగం పెంచింది. ఆ తప్పు అర్థంతో కూడా పని సరిగ్గానే జరిగింది. గంటన్నరలో రెండు బాటిళ్ళు అయిపోయి మూడోది తగిలించారు. మూడో బాటిలు సగానికి వచ్చినప్పుడు పెంచలయ్య వేళ్ళ కింద ఊపు సన్నబడింది. ఇంకొన్ని నిమిషాలకు ఆగింది. సంచి నొక్కినా వదిలినా నాడి ఒకే తీరుగా కొట్టుకుంటోంది. అతనికి ప్రాణం కుదుటపడింది.

“మునిగిందమ్మా” అన్నాడు.

పంకజాక్షి చేయి ఒక్క క్షణం ఆగిపోయింది. దివిసీమ ఉప్పెన వచ్చి అప్పటికి రెండేళ్ళు కాలేదు. గుంటూరు ఆసుపత్రిలో పగలూ రాత్రీ పని చేసింది ఆమె. అప్పుడు వచ్చిన ప్రతి మనిషీ మొదట అన్నది ఆ మాటే. ఇల్లు మునిగింది. ఊరు మునిగింది. ఇప్పుడు నాడి మునిగిపోతోందని ఆమెకు వినిపించింది.

“మునిగిందా? ఎప్పటి నుంచి?”

“ఇప్పుడేనమ్మా.”

బీపీ తొంభై దగ్గరే ఉంది. సర్జన్ పేగును లాగినప్పుడంతా ఇంకాస్త దిగుతోంది. ఆమె బాటిలు గొట్టానికి ఉన్న బిగింపు పూర్తిగా వదిలేసింది. నాలుగోది తగిలించమంది. పెంచలయ్యకు అర్థం కాలేదు. వినపడలేదేమో అనుకున్నాడు.

“మునిగిందమ్మా.”

“తెలుసు, చూస్తున్నాను. సిస్టర్, రెండో చేతికి కూడా ఒక లైను పెట్టండి. త్వరగా.”

రెండు చేతుల్లోకీ నీళ్ళు పోవడం మొదలైంది. పెంచలయ్య కళ్ళు తెరిచాడు. పెద్ద చదువు చదివిన మనిషి. లోపల ఎక్కడో నెత్తురు కారుతోందేమో, తనకు తెలియనిది ఆమెకు తెలుసేమో అనుకున్నాడు. మళ్ళీ నాడి చూశాడు. అది బిగుతుగా, నిండుగా ఉంది. ఎద్దులు కదలలేక నిలబడిపోయినంత బరువుగా ఉంది.

“మునిగిందమ్మా!” అన్నాడు మూడోసారి, బావి గట్టు మీద కేక వేసినట్టు.

ఆమె ముఖం పాలిపోయింది. రెండో చేతి బాటిలు బిగింపు కూడా వదిలేసింది. ఖాళీ అయిన నాలుగోదాని చోట ఆరోది తగిలించారు. అతను ఎంత గట్టిగా చెబితే నీళ్ళు అంత వేగంగా పడుతున్నాయి.

అప్పుడే రబ్బరు సంచి ఆమె చేతికి గట్టిగా తగలడం మొదలైంది. నొక్కితే ఊపిరి సులువుగా పోవడం లేదు. ఆమె సంచి వైపు చూస్తూ ఉండగా పెంచలయ్య ఎనిమిదేళ్ళలో ఎన్నడూ చేయని పని చేశాడు. మణికట్టు వదిలి లేచి నిలబడ్డాడు. ఆ మొద్దుబారిన కుడిచేత్తో గొట్టం మడిచి పట్టుకున్నాడు.

“సాలమ్మా! నిండింది! నిండిన బావిలోకి ఇంకా పోస్తా ఉండారు మీరు!”

సుబ్రమణ్యం తల ఎత్తాడు. సిస్టరు నోరు తెరిచింది.

“నిండిందా?” అంది పంకజాక్షి. “మునిగిందన్నావు కదయ్యా!”

“అవునమ్మా, మునిగింది. అదే కదా చెప్తా ఉండా!”

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆమె స్టెతస్కోపు శకుంతలమ్మ రొమ్ము పక్కన పెట్టింది. కింద, వెన్ను వైపు, అన్నం ఉడుకుతున్న చప్పుడు. ఆమె రెండు బాటిళ్ళూ కట్టేసింది. నీరు తీసే ఇంజెక్షన్ ఇచ్చింది. సర్జన్‌తో, “త్వరగా ముగించండి సార్. ఊపిరితిత్తుల్లో నీళ్ళు చేరాయి. తప్పు నాదే” అంది. అతను పని తొందర చేశాడు. పేగు కొసలు అప్పుడే కలపడం కుదరదు. పై కొసను పొట్ట మీదికి తెచ్చి కుట్టాడు. మూడు నెలల తర్వాత మళ్ళీ తెరిచి కలపాలి.

శకుంతలమ్మను దిండ్లు పెట్టి కూర్చోబెట్టారు. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం. ఊపిరి తీసినప్పుడల్లా గురగుర. పంకజాక్షి మంచం పక్క నుంచి కదలలేదు. పెంచలయ్య వార్డు గుమ్మం బయట నేల మీద కూర్చున్నాడు. అక్కడే ధనంజయ ఉన్నాడు. అతని ముఖం వెలిగిపోతోంది.

“ఆరు ఎక్కించినారంటప్పా! సిస్టరు చెప్పింది. ఆరు బాటిళ్ళు! మా ఊర్లో ఎవరికీ ఇన్ని ఎక్కలేదు. దేవత మాదిరి ఉండాది ఆ డాక్టరమ్మ.”

పెంచలయ్య తలుపు సందులోంచి ఆ గురగుర వింటున్నాడు.

మధ్యాహ్నం తాయమ్మ సంగటి తీసుకొచ్చింది. అతను గిన్నె మూత తీయలేదు. జరిగింది చెప్పాడు. ఆమె విన్నది.

“బావి కాడి మాటలు మనుషుల కాడ ఎందుకయ్యా నీకు?”

“ఎనిమిదేండ్లు అదే మాట చెప్పినా. ఎవురూ మునగలేదు.”

“ఆయప్ప బావి ఎరిగినోడు. ఈయమ్మ కిష్ణ ఏరు ఎరిగినామె. మనకు లేక సస్తాము, వాళ్ళు ఎక్కువై సస్తారు. ఆమాత్రం తెలీదా?”

“ఆమాత్రం తెలిసుంటే నీకు చెప్పుకుంటానా?”

“తిను ముందు” అంది తాయమ్మ. “నువ్వు తినకుంటే ఆమెకు మూత్రం రాదా?”

మూత్రం సాయంత్రానికి వచ్చింది. చాలా వచ్చింది. చీకటి పడకముందే గురగుర తగ్గింది. మర్నాడు పొద్దున పంకజాక్షి స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విని, చెవుల్లోంచి తీసి మెడలో వేసుకుంది. బయటికి వచ్చింది. పెంచలయ్య లేచి నిలబడ్డాడు.

“నన్ను మళ్ళీ మొక్కల కాడికి పంపేయండమ్మా.”

“ఊపిరి తేటగా ఉంది. బతికింది” అంది ఆమె. “మొక్కల సంగతి తర్వాత. నాకు ఆ మాట నేర్పు.”

“ఏ మాటమ్మా?”

“మునిగింది.”

ఆసుపత్రి వెనక ఒక బావి ఉంది. ఆ ఏడు వాన ఇంకా పడలేదు. బావిలో ఒక పక్క రాతి మీద జానెడు నీళ్ళు, ఇంకో పక్క గుంటలో నిలువెత్తు నీళ్ళు. పెంచలయ్య బకెట్టుకు తాడు కట్టి రాతి వైపు వదిలాడు. తాడు కొస ఆమె చేతికి ఇచ్చాడు.

“కళ్ళు మూసుకోండమ్మా. ఇప్పుడు లాగండి.”

ఆమె చీర కొంగు బొడ్లో దోపుకుని లాగింది. బకెట్టు గోడకు తగిలింది. మళ్ళీ తగిలింది. తాడు ఆమె అరచేతుల్లో కదులుతోంది.

“ఊగుతోంది” అంది.

“ఊగుతుండాది కదా. ఇప్పుడు ఈ పక్క వేస్తా.”

గుంట వైపు వదిలాడు. బకెట్టు ఒక్క బుడగ వదిలి కిందికి పోయింది. ఆమె లాగింది. తాడు బరువుగా, నిలువుగా వచ్చింది. ఎటూ కదలలేదు. ఆమె సగంలో ఆగింది. కళ్ళు ఇంకా మూసుకునే ఉంది.

“మునిగింది” అంది మెల్లగా.

“అంతేనమ్మా.”

“మావైపు ఈ మాట ఎవరూ నవ్వుతూ అనరు పెంచలయ్యా.”

“మా పక్క ఏడుస్తా ఎవరూ అనరమ్మా.”

ఆమె బకెట్టు పైకి లాగి, నీళ్ళు అతని మొక్కల్లో పోసింది. అతన్ని మొక్కల దగ్గరికి పంపలేదు. శకుంతలమ్మ లేచి కూర్చున్న రోజున ఆమెకు జరిగింది దాచకుండా చెప్పింది. నీళ్ళు ఎక్కువ పెట్టాను, ప్రాణం మీదికి వచ్చింది, మాట తప్పుగా అర్థం చేసుకున్నాను అని. శకుంతలమ్మ విని ధనంజయ వైపు తిరిగింది.

“ఇన్నావా? ఆరు ఎక్కించినారని ఊరంతా చెప్పుకుంటివే. మూడు మనవి కాదంట.”

ఆ తర్వాత మూడు నెలలు థియేటర్లో పెంచలయ్య తన మాటను నమ్మలేదు. ఒకటికి మూడు చెప్పేవాడు. “మునిగిందమ్మా. అంటే నిండిందమ్మా. అంటే సాలమ్మా.” సుబ్రమణ్యం కుట్లు వేస్తూ, “పెంచలయ్యా, తమిళంలో కూడా ఒకసారి చెప్పప్పా” అనేవాడు. సిస్టర్లు నవ్వేవారు. పెంచలయ్య కూడా నవ్వేవాడు. కాని మర్నాడు మళ్ళీ మూడూ చెప్పేవాడు. వేళ్ళకు సందేహం లేదు. నోటికే.

పంకజాక్షి ఆ నెలల్లో ఒక పని చేసింది. చార్టులో బీపీ గళ్ళ కింద ఇంకో వరస గీసుకుంది. ప్రతి బాటిలుకు ముందు, ఊగితే ‘ఊ’ అనీ, మునిగితే ‘ము’ అనీ రాసేది. బాటిలు తర్వాత బీపీ ఎంత లేచిందో పక్కన రాసేది. నాడి తనంతట తానే తప్పే వాళ్ళకు గీత కొట్టేది. మూడు నెలలకు ‘ఊ’ రాసిన వాళ్ళు ఇరవై ఇద్దరు. వాళ్ళలో పందొమ్మిది మందికి బీపీ లేచింది. లేవని ముగ్గురి గురించి పెంచలయ్యను అడిగింది.

“ఒకాయనకు మీరు సంచి మరీ గట్టిగా నొక్కినారమ్మా ఆ పొద్దు. తక్కిన ఇద్దరి సంగతి నాకు తెలీదు.”

“నాకూ తెలీదు” అంది ఆమె.

దసరా వెళ్ళాక శకుంతలమ్మ రావాలి. పొట్ట మీద పేగు పెట్టుకుని గుడి దారిలో కూర్చోలేక మూడు నెలలుగా అంగడి మూసింది. చెప్పిన రోజు దాటింది. ఇంకో రెండు రోజులు దాటాయి. పెంచలయ్య రోజూ పొద్దున గేటు దగ్గర చిత్తూరు బస్సు కోసం నిలబడేవాడు. తాయమ్మ, “ఎవురికోసం, మేనత్త కోసమా?” అని ఎగతాళి చేసింది. మూడో రోజు శకుంతలమ్మ బస్సు దిగింది. ముందు ఆమె, వెనక సంచీతో ధనంజయ. ధనంజయ ముఖం ముడుచుకుని ఉంది.

“మద్రాసు పోదామంటే ఇనదు” అన్నాడు పెంచలయ్యను చూడకుండా.

“మద్రాసులో వాళ్ళకు నా సంగతి ఏం తెలుసు?” అంది శకుంతలమ్మ. “కొత్తోళ్ళయితే మళ్ళీ మొదట్నించీ ముంచుతారు. ఈళ్ళు ఒకసారి ముంచినోళ్ళు.” పెంచలయ్య వైపు తిరిగింది. “ఏమప్పా, చేయి పట్టుకుంటావా లేదా?”

“డాక్టరమ్మ ఇంకెవరినైనా...”

“డాక్టరమ్మను నేను అడగలేదు.”

మర్నాడు పొద్దున ఆమెను బల్ల మీద పడుకోబెట్టారు. ఈసారి ఆమె గాజులు తానే పైకి జరుపుకుంది. పెంచలయ్య వేళ్ళు ఆనగానే కళ్ళు మూసుకుంది. సుబ్రమణ్యం పాత కోత మీదే తెరిచాడు. పేగులు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. విడదీయడానికే గంట పట్టింది. కొంచెం నెత్తురు పోయింది. గుడ్డలు తడిశాయి. బీపీ నూట పది నుంచి ఎనభై ఐదుకు వచ్చింది.

పంకజాక్షి బాటిలు వైపు చూడలేదు. సంచి నొక్కుతూ, ఒకే లెక్కలో నొక్కుతూ, అతని మాట కోసం చూసింది.

పెంచలయ్య కళ్ళు మూసుకుని ఉన్నాడు. నొక్కినప్పుడు తగ్గింది. వదిలితే లేచింది. ఇంకో నాలుగు ఊపిరులు చూశాడు.

“ఊగుతుండాది.”

ఆమె బాటిలు వదిలింది.  సుబ్రమణ్యం పేగు కొసలు రెండూ దగ్గరికి తెచ్చి మొదటి కుట్టు వేశాడు. బాటిలులో నీళ్ళు గాజు మీది గీతలు ఒక్కొక్కటే దాటి దిగుతున్నాయి. ఒక బాటిలు అయింది. రెండోది సగానికి వచ్చింది.

పెంచలయ్య వేళ్ళ కింద ఊపు సన్నబడింది. ఇంకొంచెం సన్నబడింది. ఆగింది. అతను ఇంకో పది ఊపిరులు లెక్కపెట్టాడు. నోరు తెరిచాడు. మూడు మాటలూ నాలుక మీద ఉన్నాయి.

“మునిగిందమ్మా” అన్నాడు.

తర్వాత ఇంకేమీ అనలేదు. కళ్ళు తెరవలేదు. విన్నాడు.

బిగింపు టిక్కుమని పడిన చప్పుడు వినిపించింది. చుక్కలు ఆగాయి.

“తొంభై ఎనిమిది” అంది పంకజాక్షి కొంచెం సేపటికి, బీపీ చూసి. చార్టులో ‘ము’ రాసింది. సుబ్రమణ్యం ముసుగు వెనక నుంచి, “ఇంక తమిళం అక్కర లేదా?” అన్నాడు. పెంచలయ్య తల అడ్డంగా ఊపాడు. వేళ్ళు మాత్రం తీయలేదు. చివరి కుట్టు పడే దాకా, ముక్కాలు గంట, ఆ నాడి అలాగే నిండుగా నడిచింది. ఇంకో బాటిలు తగిలించలేదు.

వార్డులో మధ్యాహ్నానికి శకుంతలమ్మ కళ్ళు తెరిచింది. ఊపిరి తేటగా ఉంది. పక్కన పెంచలయ్య, అవతల పంకజాక్షి. గుమ్మం దగ్గర ధనంజయ ఎన్ని బాటిళ్ళని సిస్టరును అడుగుతున్నాడు. రెండూ నిండా కాలేదని విని దిగులుపడుతున్నాడు.

శకుంతలమ్మ పెదాలు కదిపింది. పెంచలయ్య చెవి దగ్గర పెట్టాడు.

“నీళ్ళు” అంది ఆమె.

కుట్లు మానేదాకా తాగకూడదు. అతను దూదిని తడిపి ఆమె పెదాలకు అద్దాడు, ఎడమచేత్తో.

“ఇంకా నీళ్ళా తల్లీ?” అన్నాడు. “మునిగినావు కదా.”

పంకజాక్షి అవతలి పక్క నవ్వింది.